బొరియ నిలిచే నేల

సికింద్రాబాద్‌లోని సీతాఫల్‌మండిలో ఏ సందులోకి వెళ్లినా ఎక్కడో ఒకచోట ఇల్లు లేస్తూనే ఉంటుంది. గేటు ముందు రెండు కుప్పలు. ఒకటి గోధుమ రంగు నది ఇసుక, రెండోది బూడిద రంగు రోబో ఇసుక. మేస్త్రీకి రెండూ పనికొస్తాయి. దేన్ని కాంక్రీటుకు కలపాలో, దేన్ని జల్లించి ప్లాస్టరింగుకు వాడాలో ఆయనకు బాగా తెలుసు. అదే ఇసుకను రెండు తట్టలు తెచ్చి గాజు పెట్టెలో పోసి, అందులో ఎడారి బల్లిని వదిలితే మాత్రం లెక్క మారిపోతుంది. గోడకు బలమిచ్చిన గుణమే బల్లి పేగులకూ ఊపిరితిత్తులకూ ముప్పు తెస్తుంది.

విదేశీ బల్లుల పెంపకం మన నగరాలకూ వచ్చింది. ఆస్ట్రేలియా మూలాలున్న బియర్డెడ్ డ్రాగన్, పాకిస్తాన్, అఫ్గానిస్తాన్ కొండ నేలల లెపర్డ్ గెకో, ఉత్తర ఆఫ్రికా, అరేబియాలకు చెందిన యూరోమాస్టిక్స్ వాటిలో పేరున్నవి. కొనేవాళ్లు తిండి గురించి అడుగుతారు, వేడినిచ్చే దీపం గురించి అడుగుతారు. అడుగున ఏం పరచాలన్న ప్రశ్న ఆఖరున వస్తుంది. ‘ఎడారి జీవి కదా, ఇసుక పోస్తే సరి’ అన్న జవాబుతో అక్కడే ముగిసిపోతుంది. ఆ జవాబులో రెండు తప్పులున్నాయి. ఎడారి అంతా ఇసుకే అనుకోవడం మొదటిది. ఇసుకలన్నీ ఒకటే అనుకోవడం రెండోది.

నేలను తవ్వుకుని బతికే బల్లికి కావలసింది బొరియ. తవ్వితే తెగే, తవ్విన తరువాత కూలని మట్టి దానికి క్షేమం. మిగతా విషయాలన్నీ ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతాయి.

ఒకే ఎడారి, రెండు నేలలు

మన థార్ ఎడారిలోనే ఇందుకు చక్కని సాక్ష్యం ఉంది. అక్కడి ముళ్లతోక బల్లిని ఉత్తరాదివాళ్లు సాండా అంటారు. శాస్త్రీయ నామం సారా హార్డ్‌వికీ. 1827లో జాన్ ఎడ్వర్డ్ గ్రే దీన్ని లోకానికి వర్ణించాడు. అర మీటరుకు దగ్గరగా పెరుగుతుంది. పెద్దయ్యాక ఆకులు, పూలు, గింజలే దాని ప్రధాన ఆహారం. రాజస్థాన్‌లోని తాల్ ఛాపర్ గడ్డిమైదానంలో, గుజరాత్‌లో కచ్ ప్రాంతపు బన్నీలో దీని బొరియలు కనిపిస్తాయి. గాలికి కదిలే ఇసుక తిన్నెల మీద ఇది ఇల్లు కట్టదు. గట్టిగా, బిగుతుగా ఉన్న చదును నేలను ఎంచుకుంటుంది. ఒక్కో బల్లికి ఒక్కో బొరియ. వాలుగా దిగి, మధ్యలో మెలిక తిరిగి, మీటరుకు మించిన లోతుకు పోతుంది. రాత్రిపూట, ఎండ మరీ ముదిరినప్పుడు లోపలి నుంచి మట్టి తోసి ద్వారం మూసేసుకుంటుంది. చలికాలమంతా ఆ మూసిన బొరియలోనే నిద్రావస్థలో గడుపుతుంది.

అదే ఎడారిలో ఇసుక తిన్నెల మీద మరో చిన్న బల్లి ఉంది. ఓఫియోమోరస్ అనే ఈ జాతి మన నలికిరికి దూరపు చుట్టం. కాళ్లు బాగా కురచ. ముక్కు పారలా చదునుగా ఉంటుంది. ఇది సొరంగం తవ్వదు, వదులు ఇసుకలో ఈదుతుంది. సహారాలో, అరేబియాలో దీనికి సాటి వచ్చేది ‘ఇసుక చేప’ అనే పేరున్న స్కింకస్ స్కింకస్. అమెరికాలోని జార్జియా టెక్‌లో డేనియల్ గోల్డ్‌మన్ బృందం 2009లో ఈ బల్లి కదలికను ఎక్స్‌రేలతో చిత్రించింది. 0.3 మిల్లీమీటర్ల గాజు పూసల్లోకి వదిలితే అది కాళ్లను ఒంటికి ఆనించుకుని, ఒళ్లంతా అలలా వంచుతూ ముందుకు సాగింది.

మరి ఆ ఇసుకలో ఊపిరి ఎలా? దీనికి జవాబు 2016లో మరో పరిశోధక బృందం చెప్పింది. ఇసుక చేప గాలిని నెమ్మదిగా లోనికి పీలుస్తుంది. దాని ముక్కు మార్గంలో ఒకచోట దారి వెడల్పవుతుంది. అక్కడ గాలి వేగం తగ్గి, రేణువులు జిగురు పొరకు అంటుకుంటాయి. ఆ తరువాత ఒక్కసారిగా బలంగా ఊపిరి వదలడంతో అవి బయటికి పోతాయి. లక్షల ఏళ్లపాటు వదులు ఇసుకలో బతికినందువల్ల అబ్బిన ఏర్పాటు ఇది. గట్టినేల మీద బతికే లెపర్డ్ గెకోకు గాని, బియర్డెడ్ డ్రాగన్‌కు గాని ఇలాంటి ఏర్పాటు లేదు. ఇసుక చేపకు మేలు చేసే సన్న ఇసుకనే వీటి కింద పోయడం అందుకే తప్పు.

కాబట్టి నేల ఎంచుకునే ముందు బల్లి చిరునామా చూడాలి. ఏ దేశం అన్నది చాలదు. తిన్నె మీద ఉంటుందా, రాతి సందుల్లో ఉంటుందా, గట్టి మైదానంలో తవ్వుతుందా అన్నది తెలియాలి. ఆస్ట్రేలియాలోనే పసుపు మచ్చల ఉడుము గుడ్లు పెట్టడానికి మెలికలు తిరిగిన గొయ్యి తవ్వుకుంటూ 3.6 మీటర్ల లోతు దాకా పోయినట్టు పరిశోధకులు కొలిచారు. అదే ఖండంలోని గ్రేట్ డెజర్ట్ స్కింక్ కుటుంబాలుగా కలిసి ఒకే బొరియల సముదాయాన్ని తవ్వుకుని, ఏళ్ల తరబడి దాన్ని బాగుచేసుకుంటూ బతుకుతుంది. తవ్వే తీరు జాతికో రకం. నేలా అంతే.

నేల కింద మరో వాతావరణం

ఎడారిలో మిట్టమధ్యాహ్నం ఇసుక పైపొర 60 డిగ్రీలు దాటుతుంది. రాత్రికి 25కు దిగిపోతుంది. ఈ ఊగిసలాట నేలలోకి దిగేకొద్దీ నీరసిస్తుంది. పొడి నేలలో సుమారు ప్రతి 10 సెంటీమీటర్లకు అది మూడో వంతుకు తగ్గిపోతుంది. 30 సెంటీమీటర్ల లోతుకు చేరేసరికి ఇరవయ్యో వంతే మిగులుతుంది. పైన పగటికీ రాత్రికీ 40 డిగ్రీల తేడా ఉంటే, అక్కడ 2 డిగ్రీలే. బల్లి ఒంట్లో వేడి పుట్టించుకోలేదు, చెమటతో చల్లబరచుకోలేదు. పైకి వచ్చి ఎండ కాచుకోవడం, కిందికి దిగి చల్లబడటం, ఈ రెండే దాని చేతిలో ఉన్నవి. అడుగున రెండు వేళ్ల మందం ఇసుక మాత్రమే ఉన్న పెట్టెలో ఆ రెండో దారి మూసుకుపోతుంది.

తేమ సంగతి ఇంకా ముఖ్యం. పైన గాలి ఎంత పొడిగా ఉన్నా, మూతి మూసిన బొరియలో మట్టి చెమ్మ, బల్లి ఊపిరి కలిసి గాలిని తేమగా ఉంచుతాయి. అక్కడ పీల్చే ప్రతి ఊపిరిలో ఒంటి నీరు తక్కువ ఖర్చవుతుంది. ఎడారి బల్లి రోజులో ఎక్కువ భాగం ఆ తేమలోనే గడుపుతుంది. ‘ఎడారి జీవికి తేమ పడదు’ అని పెట్టెను ఎముకలా ఎండబెట్టేవాళ్లు దాని ఆయువును తెలియకుండానే తగ్గిస్తున్నారు. నెలల తరబడి నీటి కొరత సాగితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. యూరిక్ ఆమ్లం పేరుకుని కీళ్లలో, అవయవాల్లో గడ్డకడుతుంది. కుబుసం సరిగా ఊడక వేళ్ల చుట్టూ ఉంగరంలా బిగుసుకుని, రక్తం ఆగి వేళ్లు ఎండి రాలిపోతాయి.

గుడ్లు పెట్టే వేళకు నేల మరీ అవసరం. తొలకరి పడ్డాక మన పెరటి తొండ ఏం చేస్తుందో పల్లెల్లో పెరిగినవాళ్లు చూసే ఉంటారు. మెత్తబడ్డ నేలలో ముందుకాళ్లతో గొయ్యి తీసి, గుడ్లు పెట్టి, మట్టి కప్పి గట్టిగా అదిమి పోతుంది. ఆడ బియర్డెడ్ డ్రాగన్‌దీ అదే అవసరం. తవ్వడానికి చెమ్మ నేల దొరక్కపోతే గుడ్లను లోపలే బిగబట్టుకుంటుంది. అవి ఇరుక్కుపోతే శస్త్రచికిత్స దాకా పోవచ్చు, ప్రాణమే పోవచ్చు.

పిచ్చుక గూళ్లు చెప్పే శాస్త్రం

పొడి ఇసుకను కుప్ప పోస్తే దాని వాలు దాదాపు 34 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. అంతకంటే నిటారుగా నిలవదు. పొడి ఇసుకలో సొరంగానికి కప్పు ఉండదన్నమాట. బల్లి తవ్వుతూ పోతుంది, వెనకనే అది కూలుతూ వస్తుంది. అది సన్నని ఇసుకైతే ఈదే బల్లికి ఇబ్బంది లేదు. తవ్వే బల్లికి అది ఎప్పటికీ పూర్తికాని పని.

పిల్లలు తడి ఇసుకను పాదం మీద పోసి, తట్టి, మెల్లగా పాదం లాగేసి పిచ్చుక గూళ్లు కడతారు. గూడు కప్పు కూలకుండా నిలబడేది రేణువుల మధ్య ఉండే నీటి వంతెనల వల్ల. నీటి తలతన్యత పక్కపక్క రేణువులను దగ్గరికి లాగి పట్టుకుంటుంది. ఎంత నీరు కావాలి? ఇరాన్, నెదర్లాండ్స్ పరిశోధకులు 2012లో దీన్ని కొలిచారు. ఘనపరిమాణంలో దాదాపు 1 శాతం నీరు ఉన్నప్పుడే ఇసుక నిర్మాణం అన్నిటికంటే బలంగా నిలుస్తుందని తేల్చారు. నీరు ఎక్కువైతే వంతెనలు కలిసిపోయి పట్టు సడలుతుంది. ఆరిపోతే వంతెనలే ఉండవు.

ఇంట్లో దీపం వేడి కింద ఆ 1 శాతం నీటిని పట్టి ఉంచడం కష్టం. ఇక్కడే బంకమట్టి ఆదుకుంటుంది. రేణువుల పరిమాణంలోనే రహస్యం ఉంది. ఇసుక రేణువు 2 మిల్లీమీటర్ల నుంచి 0.05 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. ఒండ్రు అంతకంటే సన్నం. బంకమట్టి రేణువు 0.002 మిల్లీమీటర్ల కంటే చిన్నది, పలకలా చదునుగా ఉంటుంది. తడిసినప్పుడు ఈ పలకలు ఇసుక రేణువుల మీద పూతలా పరుచుకుంటాయి. ఆరాక వాటిని అతికించి వదలవు. మన మట్టి గోడలు వందేళ్లు నిలిచాయంటే ఈ పట్టువల్లే. సాండా ఎంచుకునే గట్టి నేలలోనూ ఇదే పట్టు ఉంది. పూర్తిగా బంకమట్టి అయితే ఇబ్బందే. ఆరితే రాయిలా బిగిసి గోళ్లకు లొంగదు, పగుళ్లు తీస్తుంది. ఇసుకది ఎముక, బంకమట్టిది కండ. రెండూ తగిన పాళ్లలో కలవాలి.

పేగుల్లో ఇసుక ఎందుకు చేరుతుంది?

బల్లిని ఇసుక మీద పెంచకూడదని చెప్పేవాళ్లు చూపే ప్రధాన కారణం పేగులు మూసుకుపోవడం. ఆ భయం నిరాధారం కాదు. నాలుకతో పురుగును అందుకునేటప్పుడు కొంత ఇసుక నోట్లోకి పోతుంది. చాలావరకు అది మలంతో బయటికొస్తుంది. ఎక్కువై పేరుకుంటే పేగులో గడ్డకట్టి దారి మూసేస్తుంది. బల్లి తిండి మానేస్తుంది, మలం ఆగుతుంది, పొట్ట గట్టిపడుతుంది, వెనుక కాళ్లు బలహీనమవుతాయి. ఎక్స్‌రే తీస్తే ఇసుక తెల్లటి ముద్దలా స్పష్టంగా కనిపిస్తుంది.

అయితే అడవిలో జీవితమంతా మట్టి మీదే తిరిగే బల్లులకు ఈ జబ్బు మామూలు విషయం కాదు. పెట్టెలో ఎందుకొస్తోంది? పశువైద్యులు చూసే కేసుల్లో ఇసుకతో పాటు మరో కారణం తరచుగా కలిసి ఉంటుంది. దీపం వేడి చాలకపోతే బల్లి జీర్ణక్రియ మందగిస్తుంది. ఒంట్లో నీరు తగ్గితే పేగు కదలిక తగ్గుతుంది. కాల్షియం, డి3 విటమిన్ కొరవడితే కండరాల పట్టు సడలుతుంది. ఆ కొరత తీర్చుకోవడానికి బల్లి కావాలని మట్టి నాకుతుంది కూడా. కడుపులో పరాన్నజీవులున్నా, తలకు మించిన పెద్ద పురుగును తినిపించినా ఇదే ఫలితం. నేలను మాత్రమే మార్చి ఊరుకుంటే అసలు జబ్బు దాగిపోతుంది.

అందుకే జాగ్రత్తలు రెండు వైపుల నుంచీ ఉండాలి. పురుగులను లోతైన పింగాణీ గిన్నెలో వేయాలి. ఆకుకూరలను చదును బండ మీద పెట్టాలి. మన దగ్గర తాండూరు బండలు, షాబాద్ బండలు సులువుగా దొరుకుతాయి. ఎండ దీపం కింద ఒక బండ ముక్క వేస్తే అది వేడిని పట్టి ఉంచుతుంది, భోజనపు పళ్లెంగానూ పనికొస్తుంది, గోళ్లనూ అరగదీస్తుంది. కొత్తగా వచ్చిన బల్లిని, పిల్ల బల్లిని, జబ్బుపడ్డదాన్ని, ఆపరేషన్ అయినదాన్ని మొదట కాగితం మీదే ఉంచాలి. అప్పుడు మలం చూడవచ్చు, పరాన్నజీవులను పసిగట్టవచ్చు, ఎంత తింటోందో తెలుస్తుంది. ఆరోగ్యం తేటపడ్డాక మట్టిలోకి మార్చవచ్చు.

యూరోమాస్టిక్స్ పెంచేవాళ్లు మరో సంగతి గుర్తుంచుకోవాలి. దాని ముక్కు చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే వెంటనే ఇసుక దుమ్మనుకోనక్కరలేదు. ఒంట్లో ఎక్కువైన లవణాన్ని ముక్కులోని గ్రంథుల ద్వారా బయటికి పంపడం ఆ జాతి సహజ లక్షణం. ఆరిన లవణమే అలా తెల్లగా కనిపిస్తుంది.

సికింద్రాబాద్‌లో దొరికేవి, పనికొచ్చేవి

ఇక బజారు సంగతి. రోబో ఇసుకను గ్రానైటు వంటి రాళ్లను క్రషర్లలో పగలగొట్టి తయారుచేస్తారు. నదిలో వేల ఏళ్లు దొర్లిన రేణువు నునుపు తేలుతుంది. క్రషర్‌లో నిన్న పగిలిన రేణువుకు కోణాలు, అంచులు పదునుగా ఉంటాయి. సిమెంటు వాటిని బాగా పట్టుకుంటుంది గనుక గోడకు మంచిది. బల్లి కళ్లకు, చర్మపు మడతలకు, పేగు పొరకు మంచిది కాదు. దుమ్ము బెడద కూడా ఎక్కువే. కట్టడపు ఇసుకకు వర్తించే భారతీయ ప్రమాణం ఐఎస్ 383 ప్రకారం, 75 మైక్రాన్ల కంటే సన్నని పొడి సహజ ఇసుకలో 3 శాతం మించకూడదు. రాయి పగలగొట్టి చేసిన ఇసుకలో 15 శాతం దాకా ఉండవచ్చు. గ్రానైటులో క్వార్ట్జ్ ఉంటుంది. పీల్చదగినంత సన్నని స్ఫటిక సిలికా ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే మనుషులకు క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. బల్లికి మనకున్నట్టు ఉదరవితానం లేదు. దగ్గి దుమ్మును బయటికి కక్కే శక్తి దానికి లేదు. కాబట్టి రోబో ఇసుక ఈ పనికి వద్దు.

నది ఇసుక నయం. అయితే తెచ్చిన ఇసుకలో గవ్వ ముక్కలు, మేకులు, గాజు పెంకులు, సిమెంటు రజను ఉండవచ్చు. దోమతెర అంత సన్నని జల్లెడ పట్టి, బకెట్లో నీళ్లు పోసి, తేట నీరు వచ్చేదాకా కడిగి, ఎండలో ఆరబెట్టాలి. ఒంటరిగా వాడితే కూలిపోతుంది. మట్టితో కలిపితేనే ప్రయోజనం.

ఎర్రమట్టి తెలంగాణకు కొదవలేనిది. ఇసుక, బంకమట్టి రెండూ అందులో సహజంగానే కొంత కలిసి ఉంటాయి. బొరియకు ఇది మంచి ఆధారం. నర్సరీ మట్టి తీసుకుంటే ఎరువు, పశువుల పేడ, వేపపిండి, పురుగుమందు కలపనిదని నిర్ధారించుకోవాలి. రోడ్డు పక్క, రైలు పట్టాల పక్క, చెత్త కాల్చిన చోట తవ్విన మట్టి ముట్టుకోకూడదు. నూనె, లోహపు రజను, సీసం వంటివి అందులో చేరి ఉంటాయి. నల్లరేగడి పొరపాటున కూడా వద్దు. తడిస్తే ఉబ్బి, ఆరితే నెర్రెలు తీసే గుణం వల్ల బొరియ గోడ నిలవదు.

పుట్టమన్ను గట్టిదని మన పల్లెల్లో అందరికీ తెలుసు. చెదలు పైకి తెచ్చే మట్టిలో బంక శాతం ఎక్కువ. కానీ పుట్ట చెదల ఇల్లు. ఉడుములు గుడ్లు పెట్టే చోటు కూడా. దాన్ని తవ్వి తేవడం ఒక తవ్వే జీవి కోసం ఇంకో తవ్వే జీవి ఇల్లు కూల్చడమే.

కొబ్బరి పీచు పొట్టు నర్సరీల్లో ఇటుకల రూపంలో దొరుకుతుంది. తేమ అడవుల్లో బతికే బల్లులకు మంచిదే. ఎడారి బల్లికి ఒంటరిగా పనికిరాదు. ఆరితే పొడిగా లేస్తుంది, తడిస్తే బూజు పడుతుంది, బొరియను మోయలేదు. వరి ఊక గరుకు, పైగా బూజుకు నిలయం. రంపపు పొట్టు దుమ్ము రేపుతుంది. దేవదారు వంటి కలప పొట్టులోని సువాసన నూనెలు సరీసృపాలకు హానికరం. పిల్లుల మలానికి వాడే గడ్డకట్టే బంకమట్టి గుళికలు కడుపులోకి పోతే అక్కడా గడ్డకడతాయి. వాల్‌నట్ పెంకుల పొడి అంచులు కోస్తాయి.

పెంపుడు జంతువుల దుకాణాల్లో రంగురంగుల ‘కాల్షియం ఇసుక’ అమ్ముతారు. తిన్నా జీర్ణమవుతుందని డబ్బా మీద రాసి ఉంటుంది. అది కాల్షియం కార్బొనేట్. బల్లి దాన్ని తిండిగా భావించి నాకుతుంది. మరీ ఎక్కువ మింగితే కడుపులోని ఆమ్లమంతా దానితో చర్య జరపడానికే ఖర్చవుతుంది. జీర్ణం కాని ఇసుక ముద్దకట్టి పేగును మూసేస్తుంది. లెపర్డ్ గెకోలలో ఇలాంటి సంఘటనలు పశువైద్యులు చూశారు. కాల్షియం ఇవ్వదలిస్తే పురుగుల మీద పొడి చల్లి ఇవ్వడం, అతినీలలోహిత బి కిరణాలిచ్చే దీపం పెట్టడం సరైన మార్గం.

గాజు సీసాలో మట్టి జాతకం

ఎర్రమట్టిలో ఎంత ఇసుక, ఎంత బంక ఉందో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. నిలువు గోడలున్న గాజు సీసాలో మూడో వంతు మట్టి, పైన నీళ్లు పోసి, చిటికెడు ఉప్పు వేసి గట్టిగా కుదిపి ఉంచాలి. నిమిషంలో అడుగున కూర్చునేది ఇసుక. కొన్ని గంటల్లో దానిపై పొరగా చేరేది ఒండ్రు. మరునాటికి, ఆపైన పేరుకునేది బంకమట్టి. పొరల మందం స్కేలుతో కొలిస్తే నిష్పత్తి తెలుస్తుంది. బంక మరీ ఎక్కువుంటే కడిగిన నది ఇసుక కలపాలి. తక్కువుంటే మరికొంత బంకమట్టి చేర్చాలి. విదేశాల్లో అనుభవజ్ఞులు చాలామంది మంచి తోట మట్టి 70 పాళ్లకు కడిగిన ఇసుక 30 పాళ్లతో మొదలుపెడతారు. అది మొదటి అంచనా మాత్రమే. మన మట్టి వేరు, పరీక్షే తీర్పరి.

పరీక్ష సులువు. మిశ్రమాన్ని కొద్దిగా తడిపి పిడికిట బిగించాలి. చెయ్యి తెరిస్తే ముద్ద నిలవాలి, వేలితో నొక్కితే విరగాలి. విరగకపోతే బంక ఎక్కువ, చెయ్యి తెరవగానే రాలిపోతే తక్కువ. తరువాత ఒక బకెట్‌ను ఇదే మిశ్రమంతో నింపి, అదిమి, బల్లి దూరేంత మందం గల పైపుతో ఏటవాలుగా రంధ్రం చేసి, నీడలో వారం రోజులు ఆరనివ్వాలి. పైన చేత్తో గట్టిగా నొక్కినా సొరంగం కూలకుంటే ఆ మట్టి పెట్టెలోకి పోవడానికి అర్హత సంపాదించినట్టే.

నింపేటప్పుడు ఒకేసారి గుమ్మరించకూడదు. నాలుగైదు వేళ్ల మందం పొర పోయాలి, నీళ్లు చల్లాలి, చెక్కతో అదమాలి. అలా పొర మీద పొర వేస్తూ పోవాలి. బల్లిని వదిలేముందు పైభాగం పూర్తిగా ఆరాలి. ఒక మూల నిలువుగా పైపు దించి ఉంచితే అప్పుడప్పుడు దాని ద్వారా నీరు పోయవచ్చు. అడుగు చెమ్మగా, పైన పొడిగా ఉంటుంది. బొరియలో తేమ, పైన ఎడారి, రెండూ ఒకే పెట్టెలో అమరుతాయి.

రాళ్లు, బండలు ముందుగా పెట్టె అడుగుకు ఆనించి కూర్చోబెట్టి, చుట్టూ మట్టి పోయాలి. మట్టి మీద బండ పెడితే బల్లి దాని కిందే తవ్వుతుంది, బండ కూలి నలిపేస్తుంది. పెంపకంలో జరిగే అకాల మరణాల్లో ఇది తేలిగ్గా నివారించగలిగినది.

వేడి పైనుంచే రావాలి. అడుగున వేడి పలక పెట్టడం తవ్వే బల్లికి ప్రమాదం. ప్రకృతిలో కిందికి దిగితే చలువ. వేడి తట్టుకోలేక అది కిందికి తవ్వుకుంటూ పోతుంది, పలకకు చేరువై పొట్ట కాల్చుకుంటుంది.

బరువు లెక్క కూడా చూసుకోవాలి. 120 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు గల పెట్టెలో 30 సెంటీమీటర్ల లోతు ఇసుక నింపితే దాదాపు 345 కిలోలు. అంత బరువును అల్మారా మీదో బల్ల మీదో పెట్టరాదు. గోడ వారగా, గచ్చు మీద, బలమైన ఇనుప చట్రంపై ఉంచడమే క్షేమం.

మే ఎండ, జూలై ముసురు

జైసల్మేర్‌లో ఏడాది మొత్తం కురిసే వాన సుమారు 200 మిల్లీమీటర్లే. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో సుమారు 800 మిల్లీమీటర్లు, అందులో చాలా భాగం జూన్ నుంచి సెప్టెంబరు మధ్య. ఆ నాలుగు నెలలూ గాలిలోనే తేమ నిండి ఉంటుంది. అప్పుడు పైపులో నీరు పోయడం తగ్గించాలి. పెట్టె మీద గాజు మూత తీసి జాలీ వేయాలి. మట్టి నుంచి ముక్క వాసన వచ్చినా, తెల్లటి నూగు కనిపించినా ఆ భాగం తీసేయాలి. తడి నేల మీద రోజుల తరబడి పడుకున్న బల్లికి పొట్ట కింది పొలుసులు పుండ్లు పడతాయి, ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది.

మేలో ఇబ్బంది వేరు. పై అంతస్తు గదిలో రాత్రి కూడా 34, 35 డిగ్రీలుంటే పెట్టె అడుగు మట్టి మెల్లగా అదే వేడికి చేరుతుంది. బొరియ లోతుగా ఉన్నా చలువ దొరకదు. దీపం గంటలు తగ్గించడం, పెట్టెను చల్లని గదికి మార్చడం, అడుగున చెమ్మ నిలబెట్టడం ఆ నెలల్లో తప్పనిసరి. థర్మామీటరు ఒకటి బండ మీద, ఒకటి బొరియ లోతులో పెడితే ఊహతో పనిలేదు.

మలం రోజూ తీసేయాలి. పైపొరను అప్పుడప్పుడు మార్చాలి. చెయ్యి పెట్టిన ప్రతిసారీ సబ్బుతో కడుక్కోవాలి. ఆరోగ్యంగా కనిపించే సరీసృపాల పేగుల్లోనూ సాల్మొనెల్లా ఉంటుంది. పసిపిల్లలున్న ఇంట్లో ఈ నియమానికి మినహాయింపు లేదు.

చట్టం ముందు, బల్లి తరువాత

సాండాను, ఉడుమును, మన దేశపు మరే అడవి బల్లినీ ఇంట్లో పెంచుకోవాలని చూడకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సాండాకు రక్షణ ఇచ్చింది. మన ఉడుములన్నీ ఆ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. సాండా కొవ్వుతో తీసిన తైలానికి మహిమలున్నాయన్న నమ్మకంతో, శాస్త్రీయ ఆధారం ఏమీ లేకున్నా, ఇప్పటికీ ఆ బల్లులను బొరియల నుంచి లాగి చంపుతున్నారు. పారిపోకుండా నడుము విరిచి అమ్మకానికి పెడతారు. అలా పట్టుబడిన జీవులు అటవీ శాఖ చేతికి వచ్చినప్పుడు వాటిని తిరిగి విడిచేదాకా ఏ నేల మీద ఉంచాలన్నది ప్రాణాల సమస్య. జంతుప్రదర్శనశాలల సిబ్బందికి, రక్షణ కేంద్రాల వారికి ఈ మట్టి విద్య అందుకే అవసరం.

విదేశీ జాతుల విషయంలో, 2022 సవరణతో అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం జాబితాలోని జీవులూ మన చట్టం కిందికి వచ్చాయి. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. యూరోమాస్టిక్స్ జాతులన్నీ ఆ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం అలాంటి జీవి ఉన్నవాళ్లు కేంద్ర ప్రభుత్వపు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. కాగితాలు చూపలేని అమ్మకందారు దగ్గర కొంటే, ఏదో ఎడారిలో ఎవరో తవ్వి లాగిన జీవికి మనం డబ్బు కట్టినట్టే అవుతుంది.

బల్లిని కొనాలనుకునేవారు ముందు మట్టిని సిద్ధం చేసుకోవాలి. సీసా పరీక్ష, బకెట్ పరీక్ష పూర్తయి, రెండు థర్మామీటర్ల అంకెలు వారం రోజులు నిలకడగా ఉన్నాకే బల్లిని తెచ్చుకోవాలి. అంత లోతు మట్టికి, అంత బరువుకు ఇంట్లో చోటు లేకపోతే తవ్వే బల్లి జోలికి పోకుండా ఉండటమే మంచిది.